గ్రూప్-2 స్టడీ గ్రూపుల సబ్జెక్టు లీడ్ బాధ్యత దేన్ని చూసి ఇస్తరు?

మూసీ_ఒడ్డు · రాత్రి 10:48

అందరికి నమస్తే. మాది సూర్యాపేట దిక్కు. మొన్నటి తెలంగాణ గ్రూప్-2 రాసిన, రాలేదు. మళ్ల మొదలువెట్టిన. పదకొండు నెలల నుంచి ఒక టెలిగ్రామ్ స్టడీ గ్రూపుల ఉన్న. పద్నాలుగు వేల మంది దాక ఉంటరు. ఏ కోచింగ్ సెంటర్‌ది కాదు, చదువుకునేటోళ్లే నడుపుకుంటున్నరు, ఎవరికీ పైసా రాదు. సబ్జెక్టుకొక లీడ్ ఉంటరు. పొద్దున క్విజ్ పెట్టుడు, డౌట్లు చూసుడు, ఆదివారం వాయిస్ చాట్ నడుపుడు, గంతే పని.

నాకు నాలుగో పేపర్, అదే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం, లీడ్ చెయ్యాలని ఉన్నది. మంచి మార్కులు వచ్చింది నాకు అందులనే. అడ్మిన్ అన్నకు రెండుసార్లు మెసేజ్ పెట్టిన. రెండుసార్లూ "చూద్దాం తమ్ముడూ" అన్నడు. నిన్న చూస్తే మూడు నెలల కింద చేరిన ఒకామెకు ఇచ్చిండ్రు. నేను రోజూ మాట్లాడ్త, పీడీఎఫ్‌లు నూటికి పైనే షేర్ చేసిన. ఆమె వారానికొక్కసారి కూడ కనపడదు.

కుళ్లుకొని అడుగుతలేను (సరే, కొంచెం కుళ్లు కూడ ఉన్నది). అసలు దేన్ని చూసి ఇస్తరు? ఇంతకుముందు చేసినోళ్లు చెప్పుండ్రి.

---

రూల్_నంబర్_సున్నా · రాత్రి 10:55

లీడ్ అయితే వెయిటేజీ మార్కులు ఏమన్నా కలుస్తాయా బ్రో? పోస్టు ఇచ్చేది నాంపల్లిలో ఉన్న పబ్లిక్ సర్వీస్ కమిషన్, టెలిగ్రామ్ కాదు. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం తెరువు.

---

మూసీ_ఒడ్డు · రాత్రి 10:58

మార్కుల కోసం కాదన్నా. ఒకరికి చెప్తే నాకు గుర్తుంటది. ఒక్కణ్ణే గదిల కూసొని చదివితే రెండో రోజుకే మర్చిపోతున్న.

---

పాత_అడ్మిన్ · రాత్రి 11:40

నేను అయిదేళ్లు ఇలాంటి గ్రూపే నడిపాను. ఇప్పుడు మానేశాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

2022 డిసెంబర్ 29న 783 పోస్టులతో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. అప్పటిదాకా మా గ్రూపులో తొమ్మిది వందల మందిమి, ఒకరి పేరు ఒకరికి తెలుసు. వారం తిరిగేసరికి వేలల్లోకి వెళ్లింది. ఆ తర్వాత జరిగింది మీ అందరికీ తెలిసిందే. పరీక్ష 2023 ఆగస్టు 29 అన్నారు, నవంబర్ 2 అన్నారు, 2024 జనవరి 6 అన్నారు, ఆగస్టు 7 అన్నారు, చివరికి 2024 డిసెంబర్ 15, 16ల్లో పెట్టారు. వాయిదా పడ్డ ప్రతిసారీ గ్రూపు పెళ్లి అయిపోయిన మర్నాటి పందిరిలా ఉండేది. క్విజ్‌కి రెండు వేల మంది జవాబులు పెట్టేవాళ్లల్లా నూట యాభైకి పడిపోయేవారు. ఆ పందిరిలో కుర్చీలు సర్దినవాళ్లే తర్వాత మా లీడ్‌లు అయ్యారు. అప్లికేషన్ పెట్టి అయినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

మూసీ తమ్ముడూ, మెసేజుల లెక్క మేం చూడం. నువ్వు మాట్లాడాక చర్చ ఒక కొలిక్కి వచ్చిందా, ఇంకా రేగిందా అన్నది చూస్తాం. ఒక సంగతి చెబుతా. 2023 ఆగస్టులో పరీక్ష వాయిదా వేయాలని హైదరాబాద్‌లో అభ్యర్థులు కమిషన్ ఆఫీసు దగ్గర ధర్నా చేశారు గుర్తుందా? అదే నెలలో గురుకుల పరీక్షలు కూడా ఉన్నాయి, రెండూ రాసేవాళ్లు ఏం చదవాలని వాళ్ల గోడు. ఉద్యోగం మానుకుని వచ్చి రూమ్ అద్దె కడుతున్నవాళ్లేమో "ఇక ఆపొద్దు, పెట్టేయండి" అన్నారు. గ్రూపు రెండుగా చీలింది, తిట్లు మొదలయ్యాయి. స్లో మోడ్ అయిదు నిమిషాలకు పెట్టినా, అంటే ఒకరు అయిదు నిమిషాలకు ఒక్క మెసేజే పెట్టేలా చేసినా, ఆగలేదు. అప్పుడు ఒకతను, గట్టిగా వాయిదా కావాలనే మనిషి, తన వైపు వాడు పెట్టిన బూతు మెసేజ్‌ని చూపించి "అన్నా, ముందు ఇది తీసేయండి" అని నాకు పంపాడు. ఎదుటివాళ్ల మీద ఫిర్యాదులు నాకు ఆ రాత్రి యాభై వచ్చుంటాయి, సొంత పక్షం మీద వచ్చింది అదొక్కటే. మర్నాడే అతనికి మెసేజులు తీసేసే హక్కు ఇచ్చాను.

ఇక పీడీఎఫ్‌లు. కోప్పడకు, నీకు అడ్డం పడింది అవే అయ్యుండొచ్చు. సగం ఎవరిదో అమ్మకపు మెటీరియల్‌ని స్కాన్ చేసినవి ఉంటాయి, దానికి నోటీసు వస్తే అడ్మిన్ మెడకు చుట్టుకుంటుంది. మిగతా సగం పాతవి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఇప్పటికీ 31 అని ఉన్న పీడీఎఫ్ నెలకోసారి ఎవరో ఒకరు "ఇంపార్టెంట్" అని పెడతారు. దాన్ని చదివి నాలుగు వందల మంది తప్పు నేర్చుకుంటారు. నువ్వు పంపినవాటిలో ఎన్ని నువ్వు చదివి పంపావు?

---

మూసీ_ఒడ్డు · రాత్రి 11:52

నిజం చెప్పాల్నంటే పది కూడ చదువలేదు.

---

గోదారి_గట్టు · ఉదయం 5:35

క్విజ్ పెట్టేసి ఇప్పుడే చూస్తున్నానండి. మాది రాజమండ్రి, ఆంధ్రా గ్రూప్-2 వాళ్లకి పాలిటీ లీడ్‌గా రెండేళ్లుగా చేస్తున్నాను. ఇంట్లో పాలు కాగేలోపు క్విజ్ పోస్టయిపోవాలి, లేకపోతే ఆ రోజుకి ఇక అవ్వదు.

తమ్ముడూ, నేను లీడ్ అయింది ఒక తప్పు వల్ల. నవ్వకండి. అప్పట్లో నన్ను వారం రోజుల కోసం పెట్టారు, అసలు లీడ్‌కి ఇంట్లో పెళ్లి. మూడో రోజు ప్రశ్న: రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకి ఎన్ని అంశాలు ఇచ్చారు? 73వ సవరణ, 29 అంశాలు. 74వ సవరణ, పన్నెండో షెడ్యూల్, మున్సిపాలిటీలకి 18. చంటిపిల్లలకి కూడా తెలిసిన ప్రశ్న. నేను నిద్రమత్తులో 18 మీద నొక్కేశాను. టెలిగ్రామ్ క్విజ్ ఒకసారి వెళ్లిపోయాక కీ మార్చడం అవ్వదు. తీసేసి కొత్తది పెట్టుకోవడమే. అప్పటికి మూడొందల మంది పైనే జవాబు పెట్టేశారు, సరిగ్గా పెట్టినవాళ్లందరికీ ఎర్ర గుర్తు చూపిస్తోంది.

చప్పుడు చేయకుండా డిలీట్ చేసేద్దామని ఒక్క నిమిషం అనిపించింది, అబద్ధం ఎందుకు. చేయలేదు. దాన్ని అలాగే ఉంచి, కింద "కీ తప్పు, తప్పు నాది, 29 సరైనది, 18 ఎక్కడిదంటే" అని రాసి పిన్ చేశాను. రెండు షెడ్యూళ్లనీ పక్కపక్కన పెట్టి చిన్న పట్టిక వేశాను. ఆ పట్టికే ఆ నెలలో అందరూ ఎక్కువగా దాచుకున్న పోస్టు. పెళ్లి నుంచి వచ్చాక లీడ్ గారు "మీరే ఉంచుకోండి" అన్నారు.

ఇంకో ముక్క. బయట నుంచి చూస్తే క్విజ్ పెట్టడం సరదాగా ఉంటుంది. వివరణకి 200 అక్షరాలే ఇస్తాడు, మన గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కపెడతాడు. "ప్రాథమిక విధులు 42వ సవరణతో పది, 2002లో 86వ సవరణతో పదకొండు" అని రాసి, ఎవరు చేర్చమన్నారో చెప్పేలోపే చోటు అయిపోతుంది. పది ప్రశ్నలకి నాకు గంటంబావు పడుతుంది. ఎక్కువ సేపు పట్టేది తప్పు ఆప్షన్లు తయారుచేయడానికి. సరైన జవాబు ఎవరైనా రాస్తారు, నమ్మించే తప్పు రాయడమే కష్టం. లీడ్ కాకముందే అది చేసి చూడు. పది ప్రశ్నలు రాసి ఉన్న లీడ్‌కి పంపు. వాడుకుంటే వాడుకుంటారు.

---

చిక్కడపల్లి_చివరి_బల్ల · ఉదయం 9:10

అక్క చెప్పింది బాగుంది గానీ ఇంకో వైపు కూడా వినండి. నేను చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదివేవాణ్ణి, ఎకానమీ లీడ్‌గా పధ్నాలుగు నెలలు చేశా. మొదట్లో రోజుకి అరగంట. పోను పోను మూడు గంటలు. డౌట్ రాత్రి పన్నెండింటికి వస్తుంది, జవాబు ఇవ్వకపోతే పొద్దున్నే "లీడ్ అని పెట్టుకోవడం దేనికి" అని గ్రూపులో పెడతారు. నా కటాఫ్ నాలుగు మార్కుల దూరంలో పోయింది. లీడ్ వల్లే పోయిందని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ మూడో పేపర్ రివిజన్ చేయాల్సిన రెండు వారాలు నేను ఎవరి గొడవలు తీరుస్తూ గడిపానో నాకు తెలుసు.

2023 మార్చి ఎవరికైనా గుర్తుందా? కమిషన్ పేపర్ల లీకేజీ బయటపడి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్, ఏఈఈ (ఇంజనీర్లది), డీఏఓ (అకౌంట్స్ ఆఫీసర్లది) పరీక్షలు రద్దు చేశారు. ఆ తర్వాత నెలలపాటు గ్రూపులోకి దొంగ ఖాతాలు: "పేపర్ ఉంది, ఇన్‌బాక్స్‌కి రా, అడ్వాన్స్ ఇంత." రోజుకి పదీ పదిహేను తీసేసేవాణ్ణి. ఒక తమ్ముడు అప్పటికే డబ్బు పంపేసి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఎకానమీ చెప్పడానికి వచ్చినవాణ్ణి, సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేయించి పక్కన కూర్చున్నా. ఇవేవీ లీడ్ పని కింద ఎవరూ ముందు చెప్పరు.

అడిగేవాళ్లకి నా సలహా ఒకటే. ఎంతకాలం చేస్తావో, ఎప్పుడు దిగిపోతావో మొదటి రోజే చెప్పు. నేను చెప్పలేదు. దిగడానికి నాకు మూడు నెలలు పట్టింది, ప్రతివాడూ "ఈ ఒక్క పరీక్ష దాకా అన్నా" అన్నవాడే.

---

రూల్_నంబర్_సున్నా · ఉదయం 9:14

నేను రాత్రి చెప్పింది ఇదే కదా 😄

---

గోదారి_గట్టు · ఉదయం 9:50

చివరి బల్ల గారు, మీ మాట కాదనను. అందుకే నేను రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపు తెరవను, అది నా ప్రొఫైల్‌లోనే రాసుకున్నా. మొదటి నెల తిట్టారు, తర్వాత అలవాటుపడ్డారు. ఆడవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. లీడ్ అని పేరు పక్కన కనపడగానే ఇన్‌బాక్స్‌లో "హాయ్ మేడమ్, తిన్నారా" మొదలవుతుంది. డౌట్ అడగడానికి తిన్నానో లేదో ఎందుకండి? మా అడ్మిన్ గారికి చెబితే అనామక అడ్మిన్‌గా మార్చారు, ఇప్పుడు నా పోస్టులు గ్రూపు పేరుతోనే వస్తాయి. డౌట్లు గ్రూపులోనే అడగాలని రూల్ పెట్టారు. ఆ రెండు లేకపోతే నేను ఈపాటికి మానేసేదాన్ని.

అందుకే మూసీ తమ్ముడూ, ఆవిడ "కనపడదు" అన్నావు చూడు, కనపడకపోవడానికి కారణాలు ఉంటాయి.

---

అనంత_వాన · మధ్యాహ్నం 1:20

అన్నం తిని కూచున్నా, నాదీ ఒక మాట. మాది అనంతపురం. నాకు ఎవరూ లీడ్ ఇయ్యలేదు, నేను అడగలేదు కూడా. పెద్ద గ్రూపులో నా మాట ఎవరికీ వినపడేది కాదు. అందుకని ఎనిమిది మందిమి విడిగా వాట్సాప్‌లో చేరినాము. ఒక గూగుల్ షీటు, రోజూ రాత్రి అందులో మూడు గళ్లు నింపాల: ఎన్ని ప్రశ్నలు చేసినావు, ఎన్ని తప్పు, ఎన్ని గుడ్డిగా పెట్టినావు. ఆ మూడో గడి నా ఆలోచనే, దాని గురించి కొంచెం గొప్ప చెప్పుకుంటా. ఏపీలో తప్పుకి మూడో వంతు కోత ఉంటుంది. తెలంగాణ గ్రూప్-2లో ఆ కోత లేదు, మీరు అన్నీ పెట్టేయొచ్చు. మాకట్లా కుదరదు. గుడ్డిగా పెట్టినవి విడిగా లెక్కేసి చూస్తే, మా ఎనిమిది మందిలో ఇద్దరికి గుడ్డిగా పెడితే లాభమే వస్తా ఉంది, నలుగురికి నష్టం. ఎవరు వదిలేయాలో ఎవరు తెగించాలో షీటు చూస్తే తెలిసిపోయె.

2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్, 2025 ఫిబ్రవరి 23న మెయిన్స్. నడిమధ్య ఒక ఏడాది. ఎనిమిది మందిమి అయిదుగురమైనాము. షీటు నింపనోళ్లకి నేను ఫోన్ చేసేవాణ్ణి, అంతే నా లీడర్‌షిప్. తిట్టేది లేదు. "ఏమన్నా బాగుండావా" అని అడిగేది. ఒకాయన వాళ్ల నాయనకి ఒళ్లు బాగలేక పదైదు రోజులు నింపలే. ఫోన్ చేయకపోతే మాకు తెలిసేదే కాదు, ఆయన సిగ్గుపడి గ్రూపు వదిలేసుండేవాడు.

మెయిన్స్ ముందురోజు సాయంత్రం కూడా వాయిదా, వాయిదా అని ఒకటే గోల, టీవీలో కూడా అదే. మా అయిదుగురిలో ఇద్దరు బస్సు ఎక్కాలా వద్దా అని నిలబడిపోయినారు. నేను ఒకటే రాసినా: "కమిషన్ సైట్లో లేదు అంటే పరీక్ష ఉన్నట్టే. బస్సెక్కండి." పరీక్ష జరిగింది. ఆ తర్వాతే పెద్ద గ్రూపు అడ్మిన్ నాకు ఫోన్ చేసి "ఇట్లాంటి చిన్న గుంపులు ఇరవై చేద్దాం, నువ్వు చూస్తావా" అన్నాడు. ఆయనకి ఎట్ల తెలిసిందంటే, మా అయిదుగురిలో ఒకాయన చెప్పినాడంట.

---

రచ్చబండ_రాత్రులు · సాయంత్రం 6:05

నేను పరీక్షలు రాసే రకం కాదు, తెలుగు వికీపీడియాలో అప్పుడప్పుడూ రాస్తుంటాను. మీ చర్చ చదువుతుంటే ఒకటి అనిపించింది. అక్కడ నిర్వాహకులను ఎన్నుకునేటప్పుడు అంతా బహిరంగమే. పేరు ప్రతిపాదిస్తారు, ఆ మనిషి చేసిన ప్రతి మార్పూ చరిత్రలో ఉంటుంది, ఎవరైనా తిరగేసి చూడొచ్చు. మద్దతు ఇచ్చినా వ్యతిరేకించినా పేరుతో సంతకం చేయాలి. 2003 డిసెంబర్లో మొదలైన తెవికీ ఇన్నాళ్లు నిలబడటంలో దీని వంతు చాలా ఉందని నా అభిప్రాయం. మీ దగ్గర "చూద్దాం తమ్ముడూ" అని ఇన్‌బాక్స్‌లో తేల్చడం నాకు నచ్చలేదు. రానివాడికి ఎందుకు రాలేదో తెలియకపోతే కుళ్లుకోక ఏం చేస్తాడు?

---

పాత_అడ్మిన్ · రాత్రి 8:30

రచ్చబండ గారూ, మీరన్నది ఒకసారి చేసి చూశాం. ఓటింగ్ పెట్టాం. ఒక పూటలో జిల్లాలవారీగా చీలారు, రెండో పూటకి ఇంకో రకంగా చీలారు, అదేమిటో ఇక్కడ రాయను, మీకు అర్థమవుతుంది. వికీలో పాతికమంది ఏళ్ల తరబడి ఒకరి పని ఒకరు చూస్తారు. మా దగ్గర జనం పరీక్షకి వస్తారు, పరీక్షకి పోతారు. చేసిన పని చూపించే చరిత్ర పేజీ టెలిగ్రామ్‌లో లేదు, మెసేజుల వరదలో కొట్టుకుపోతుంది.

అయితే మీ చివరి మాట నాకు తగిలింది. ఎందుకు ఇవ్వలేదో నేనూ ఎవరికీ చెప్పలేదు. చెబితే వాదన పెరుగుతుందని భయం. ఒకమ్మాయి ఆ మాటే అని గ్రూపు వదిలి వెళ్లిపోయింది, మంచి జాగ్రఫీ మనిషి.

ఇప్పుడు నడిపే అడ్మిన్లు ఎవరైనా చదువుతుంటే ఒక చిట్కా: టెలిగ్రామ్‌లో హక్కులు విడివిడిగా ఇవ్వొచ్చు. ముందు పిన్ చేసే హక్కు ఒక్కటే ఇవ్వండి, నెల చూడండి. ఏం పిన్ చేస్తున్నాడో చూస్తే మనిషి తెలిసిపోతాడు. తన పోస్టులే పిన్ చేసుకునేవాడికి అక్కడితో ఆపండి.

---

రచ్చబండ_రాత్రులు · రాత్రి 8:44

చరిత్ర పేజీ లేకపోతే తయారుచేసుకోవచ్చు కదండీ. క్విజ్ తప్పులన్నీ ఒక షీట్లో, ఎవరు పట్టుకున్నారో పక్కన పేరు. అనంత గారి మూడు గళ్లలాగే.

---

మూసీ_ఒడ్డు · మూడు వారాల తర్వాత, రాత్రి 9:30

మళ్ల వచ్చిన. అందరికి చెప్పాల్సింది ఉన్నది.

మొదలు నేను షేర్ చేసిన పీడీఎఫ్‌లన్ని తీసేసిన, దానికే ఒక పూట పట్టింది. తర్వాత నాలుగో పేపర్‌ది ఏడాది పాత క్విజ్‌లు మొత్తం ముందు వేసుకొని ఒక్కొక్కటి పుస్తకంతోని సరిచూసిన. పదిహేడు తప్పులు దొరికినయి. ఒకదాంట్ల ఆరు సూత్రాల పథకం 1975 అని ఉన్నది, అది 1973, 1975 వచ్చింది రాష్ట్రపతి ఉత్తర్వులు. ఇంకొక దాంట్ల 610 జీవో (స్థానికేతర ఉద్యోగులను వాపస్ పంపుమన్నది) 1986 అని ఉన్నది, 1985 డిసెంబర్ 30 కావాలె. గ్రూపుల పెట్టలేదు, షీటు చేసి పేజీ నంబర్లతోని లీడ్ అక్కకు పంపిన. అదే, నేను కుళ్లుకున్న అక్క.

ఆమె ఏం జవాబిచ్చిందో తెలుసా? "వీటిలో పదకొండు నా దగ్గర కూడా ఉన్నాయి, మిగతా ఆరు నేను చూడలేదు, థ్యాంక్స్." ఆమె చేరిన వారం నుంచే తప్పులు పట్టి అడ్మిన్ అన్నకు పంపుతున్నదట, చప్పుడు లేకుంట. నేను రోజూ గుడ్ మార్నింగ్ పెట్టిన మూడు నెలలు ఆమె చేసిన పని అది.

అడ్మిన్ అన్న నిన్న ఫోన్ చేసిండు. బుధవారం క్విజ్ ఒక్కటి నాది, నెల రోజులు చూస్తరట. చివరి బల్ల అన్న చెప్పినట్టు, జూన్ దాకనే చేస్త అని ముందే చెప్పిన. ఆయన నవ్విండు గని సరే అన్నడు.

రేపటి క్విజ్‌ల ఒకటి డౌట్ ఉన్నది. "శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఎప్పుడు వచ్చింది?" అని రాసిన, జవాబు 2010 డిసెంబర్ 30. మంచి సంగతి ఏందంటే 610 జీవో కూడ డిసెంబర్ 30యే, నడుమ సరిగ్గ 25 ఏండ్లు, వివరణల అది కూడ రాసిన. మరి ఆప్షన్లల్ల 2011 జనవరి 6 పెట్టొచ్చునా? ఎవరన్న ఒకసారి చూడుండ్రి.

---

గోదారి_గట్టు · రాత్రి 9:41

జనవరి 6 పెట్టు, మంచి తప్పు ఆప్షన్ అది. కానీ నివేదికని బయటపెట్టింది ఆ రోజే కదా, "వచ్చింది" అంటే రెండూ సరైనవే అయిపోతాయి, పొద్దున్నే నీతో గొడవకి దిగుతారు. "కేంద్రానికి ఎప్పుడు సమర్పించింది" అని మార్చు.

వివరణ ఎన్ని అక్షరాలు వచ్చింది?

---

మూసీ_ఒడ్డు · రాత్రి 9:43

231 😬

---

గోదారి_గట్టు · రాత్రి 9:44

"మంచి సంగతి ఏమిటంటే" అన్నది కోసెయ్. నేను తొమ్మిదికే ఫోన్ పక్కన పెట్టాలి, నీ వల్ల పావు తక్కువ పదయింది.